కాగితం కరుస్తుందా?

2014 మార్చిలో చిలీ, డెన్మార్క్, ఘనా, ఇండోనేషియా, మొరాకో ప్రభుత్వాలు ఒక పని మీదేసుకున్నాయి. ఐక్యరాజ్యసమితి 1984లో తెచ్చిన చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో మిగిలిన దేశాలన్నిటినీ పదేళ్ళలో చేర్పించాలని. మన దేశం 1997లో సంతకమైతే పెట్టింది, కట్టుబడి ఉంటామని చెప్పే ఆమోదం మాత్రం ఇప్పటికీ లేదు. ఇదీ రిటైరైన సీఐ మామయ్యకీ, లాయరు మేనల్లుడికీ గొడవ.

మామయ్య: ఘనాలో, మొరాకోలో లాఠీలు లేవేంట్రా? వాళ్ళా మనకి చెప్పేది!

మేనల్లుడు: ఉన్నాయి కాబట్టే మామయ్యా. డెన్మార్క్ ఒక్కటే చెబితే తెల్లవాళ్ళ నీతులని కొట్టిపారేస్తారు. అదే ఘనా ఆయన పక్కన కూర్చుని, మాకూ ఇదే తలనొప్పి, చట్టం రాసుకోవడానికి, పోలీసు ట్రైనింగ్‌కి సాయం చేస్తాం రండి అంటే కాస్త వినబుద్ధవుతుంది. ఆ తర్వాతే 2016లో ఫిజీ, 2019లో అంగోలా, 2020లో ఒమన్ చేరాయి.

మామయ్య: చేరితే? అమెరికా 1994లోనే చేరింది. 2001 తర్వాత సీఐఏ వాళ్ళు మనుషుల్ని బల్లకి కట్టేసి, మొహం మీద గుడ్డ కప్పి నీళ్ళు పోయలేదూ?

మేనల్లుడు: పోశారు, కాదనను. కానీ చిలీ సంగతి చూడండి. 1988లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది అక్కడి సైనిక నియంత పినోచే ప్రభుత్వమే, కాగితమే కదా ఏం చేస్తుందిలే అనుకుని ఉంటాడు. పదేళ్ళ తర్వాత వైద్యం కోసం లండన్ వెళ్తే, స్పెయిన్ జడ్జి అడిగాడని ఆస్పత్రిలోనే అరెస్టు చేశారు! మాజీ దేశాధినేతనంటే కుదరదని 1999లో బ్రిటన్ లా లార్డులు, అంటే అప్పటి అక్కడి పై కోర్టు జడ్జిలు, తేల్చింది ఈ కాగితం పట్టుకునే.

మామయ్య: చివరికి ఒంట్లో బాగాలేదని ఇంటికి పంపేశారుగా.

మేనల్లుడు: ఏడాదిన్నర కదలనివ్వకుండా ఉంచాక. మనం చేరనందుకు మనకే నష్టం మామయ్యా. 1995లో బెంగాల్ పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు పడేసిన కేసులో నిందితుడు, డెన్మార్క్ వాడైన కిమ్ డేవీని ఇవ్వమంటే, మన దగ్గర చిత్రహింసలు పెడతారన్న భయంతో 2011లో డెన్మార్క్ కోర్టు ఇవ్వనంది.

మామయ్య: మనకి చట్టాలు లేవా? లాకప్ చావుల మీద వచ్చిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. పైనుంచి రాత్రికి రాత్రి రికవరీ చూపించమని ఫోనొస్తే ఆ టెన్షన్ ఏంటో నీకేం తెలుసు? అరికాళ్ళ మీద కొట్టి, వాపు కనపడకుండా అక్కడికక్కడే గెంతించేవాళ్ళు. డాక్టరు వచ్చి గాయాల్లేవని రాసి పోయేవాడు.

మేనల్లుడు: మీరూ గెంతించారా?

మామయ్య: ...నేను స్టేషన్లోనే ఉన్నాను. చాలదా?

మేనల్లుడు: 2010లో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లు పాస్ చేసింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, అది అంతటితో మురిగిపోయింది. 2017లో లా కమిషన్ ఆ ఒప్పందాన్ని ఆమోదించమని చెప్పినా కదలిక లేదు.

మామయ్య: అయినా ఎక్కడో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆఫీసులో కూర్చున్నవాడు వచ్చి ఎవరి అరికాళ్ళు చూస్తాడ్రా?

మేనల్లుడు: చూస్తాడు. 2002లో ఆ ఒప్పందానికి ఒక అదనపు ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం, తెచ్చారు. అందులోనూ చేరిన దేశాల్లో లాకప్ తలుపు తీయించి లోపలివాళ్ళతో విడిగా మాట్లాడొచ్చు.

మామయ్య: ముందు చెప్పి వస్తారా?

మేనల్లుడు: దేశానికి వస్తున్నామని చెబుతారు, ఏ స్టేషన్‌కన్నది మాత్రం చెప్పకుండా కూడా రావచ్చు.

మామయ్య: అయితే మనవాళ్ళు చచ్చినా చేరరు.