మంది పరీక్ష నీకెందుకక్కా

(43 ఏళ్ళకి అమెరికాలో ఐస్ స్కేటింగ్ మొదలుపెట్టినా. మొన్న తిరుపతికి వచ్చినప్పుడు వరండాలో మా తమ్ముడితో జరిగిన రగడ ఇది. వాడి మాటలు నేనేం తగ్గించలా, నావే కొంచెం పెంచుంటా.)

తమ్ముడు: శనివారం పొద్దున్నే లేచి, ఆ చలిలో, నువ్వు ఇయ్యని టెస్ట్ చూసేదానికి పోతావంట. బావ చెప్పినాడు. పిచ్చా ఏంది?

అక్క: స్కేటింగ్ స్కిల్స్ టెస్టురా. ముందు మూవ్స్ ఇన్ ద ఫీల్డ్ అనేవాళ్ళు, 2023లో పేరు మార్చినారు. పాట ఉండదు, మెరుపుల డ్రెస్సు ఉండదు, ఖాళీ రింకులో ఒక్కళ్ళే పోయి చెప్పిన ప్యాటర్న్ చెప్పినట్టు చేయాల, జడ్జీలు పక్కన పేపర్లు పెట్టుకోని చూస్తా ఉంటారు. బ్లేడు ఐస్‌ని కోసే సౌండు మేం కూచున్న బెంచీల దాకా వినిపిస్తది.

తమ్ముడు: వినిపిస్తే? మహతి ఆడిటోరియంలో ఎన్ని కచేరీలు వింటివి, సరళీ స్వరాలన్నా వచ్చినాయా నీకు?

అక్క: నేర్చుకుంటా ఉండి చూసేది వేరే. నాకు త్రీ టర్న్ రాదు. ఒంటికాలి మీద ముందుకు పోతా పోతా తిరిగి వెనక్కి పోవాల, బ్లేడు కింద గాడి ఉంటది, దానికి అటొక అంచు ఇటొక అంచు, తిరిగేటప్పుడు ఒకదాని మీంచి ఇంకోదానికి మారాల, ఐస్ మీద 3 అంకె పడతది. మా కోచ్ భుజం ఆపు భుజం ఆపు అని నూరుసార్లు చెప్పింది, నాకెక్కలా. ఒకరోజు చిన్నపాప టెస్ట్‌లో చేస్తా ఉంటే పైనుంచి చూసినా. కాలు తిరిగినాక భుజాలు అటే కొట్టుకుపోకుండా ఎదురు పట్టి ఆపింది. అప్పుడు ఎక్కింది.

తమ్ముడు: ఎక్కింది సరే, వచ్చిందా?

అక్క: సగం.

తమ్ముడు: దానికి యూట్యూబ్ చాలదా?

అక్క: యూట్యూబ్‌లో అందరూ బాగా చేసేవాళ్ళే. ఇక్కడ నాలాంటోళ్ళు వస్తారు, 21 దాటితే అడల్ట్ టెస్టులు వేరేగా ఉంటాయి. ఒకాయమ్మ, నాకన్నా పెద్దది, మధ్యలో దబ్బున పడింది, లేచి మిగతాదంతా చేసింది. ఫెయిల్ అనరు, రీట్రై అంటారు.

తమ్ముడు: ఫెయిల్‌కి ముద్దుపేరు.

అక్క: ఉండనీలే. ఒకప్పుడు అసలు పోటీలోనే ఐస్ మీద గీసిన 8లు, సున్నాలు చూసి మార్కులేసేవాళ్ళు తెలుసా, జడ్జీలు వంగి మరీ గీత చూసేది, అచ్చం అమ్మ ముగ్గు చూసినట్టు. 1968 దాకా 60 శాతం మార్కులు దానికే. 1972 ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా ఆమె, బియాట్రిక్స్ షూబా, పాటకి ఎగిరి గిరగిరా తిరిగే ఫ్రీ స్కేటింగ్‌లో ఏడోది, అయినా ఆ గీతల పుణ్యాన గోల్డ్ కొట్టింది. 1990 తర్వాత ఇంటర్నేషనల్ పోటీల్లో అది తీసేసినారు.

తమ్ముడు: అమ్మ ముగ్గంటే గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళు గడప మీద కూచోని చూసినావు. ఒక్కరోజన్నా పిండి పట్టుకున్నావా?

(ఇక్కడ నాకు కాసేపు మాట రాలా.)

అక్క: ...నన్ను ఎవురన్నా నిలబెట్టి మార్కులేసి ఇరవై ఏళ్ళయింది రా. ఆ పిల్లలకి రోజూ ఎవురో ఒకరు వేస్తానే ఉంటారు, ఏడుస్తారు, కళ్ళు తుడుచుకోని చిప్స్ తింటారు. నాకా అలవాటు పోయింది. చూసి చూసి తెచ్చుకుంటా ఉండా.

తమ్ముడు: ఎన్నాళ్ళుగా?

అక్క: పదకొండు నెలలు.

తమ్ముడు: చూస్తే రాదక్కా, అంతే. ఇంతకీ నువ్వు చేసేది వీడియో ఉందా, చూపీ.

(ఫోన్ ఇచ్చినా. ఒకసారి చూసినాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూసినాడు. వీడు జన్మలో ఐస్ అంటే పుల్లైసు తప్ప ఎరగడు.)

తమ్ముడు: ఇక్కడ ఆపు. తిరిగీ తిరగకముందే రెండో కాలు కింద పెట్టేస్తా ఉండావు కదా. భుజం కూడా అటే పోతా ఉంది చూడు. ఇంకోటి పెట్టు.