మూర్ఛను పట్టే ఏఐకి 99 మార్కులు.. పేపర్ లీకైంది మరి!

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే టైటిల్ ఒకటుంది: డీప్ లెర్నింగ్‌తో (బోలెడు ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) మూర్ఛను గుర్తించడం. రిపోర్టు చివర 99 శాతానికి అటూఇటూగా ఓ అంకె ఉంటుంది. వైవాలో ఆ అంకె చూసి అందరూ తలూపుతారు. విదేశీ జర్నళ్లలో వచ్చే పేపర్లలోనూ చాలావాటిది ఇదే వరస. ఇంత బాగా పట్టేసే మెషీన్ ఉంటే, ఆసుపత్రుల్లో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల గీతలు) రికార్డింగును న్యూరాలజిస్టు ఇంకా పేజీ పేజీ తిప్పుతూ కళ్లతో ఎందుకు చదువుతున్నారు? ఆ 99 ఎలా వచ్చిందో చూస్తే జవాబు సగం దొరుకుతుంది.

ముందు సిగ్నల్ సంగతి. జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు తరంగాలను రికార్డు చేశాడు. అది బయటికి చెప్పడానికి మరో అయిదేళ్లు తటపటాయించాడు. నెత్తి మీద అంటించే ఎలక్ట్రోడ్లకు అందేది పదుల మైక్రోవోల్టులే. గోడ గడియారంలో వేసే సెల్ 1.5 వోల్టులిస్తే, ఇక్కడ కొలిచేది అందులో లక్షో వంతు. కళ్లు ఆర్పినా, పళ్లు కొరికినా, వైరు కదిలినా ఆ గీతల్లోకి వచ్చి పడతాయి. ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం లక్షలాది నాడీకణాలు ఒకే తాళానికి మోగుతాయి. చిన్నపిల్లలు ఉన్నట్టుండి చూపు నిలిపేసే ఆబ్సెన్స్ రకంలో సెకనుకు 3 చొప్పున ముల్లు, అల, ముల్లు, అల అని గీసినట్టే కనిపిస్తుంది. అన్ని రకాలూ అంత శుభ్రంగా ఉండవు. రోగి తల గోక్కున్నా ఫిట్స్ లాంటి గీతలు రావచ్చు.

ఇక ఆ 99. ఎక్కువ ప్రాజెక్టులకు మూలం జర్మనీలోని బాన్ యూనివర్సిటీ 2001లో విడుదల చేసిన ఈఈజీ డేటా. అయిదు సెట్లు, ఒక్కో సెట్‌లో 23.6 సెకన్ల ముక్కలు 100. మొదటి రెండు సెట్లు అయిదుగురు ఆరోగ్యవంతులవి, నెత్తి మీద నుంచి తీసినవి. మిగతా మూడూ ఆపరేషన్‌కు ముందు పరీక్షల కోసం మెదడులోనే ఎలక్ట్రోడ్లు దించిన అయిదుగురు రోగులవి. అసలు ఫిట్స్ ఉన్నది చివరి సెట్‌లోనే. ఇప్పుడు ఆరోగ్యవంతుల సెట్‌ను మూర్ఛ సెట్‌తో పోల్చి 'నూటికి నూరు' అని రాసే పేపర్లను చూడండి. ఒకటి పుర్రె బయట తీసింది, రెండోది లోపల తీసింది. పుర్రె దాటేసరికి సిగ్నల్ ఎంతో నీరసపడుతుంది. మెషీన్ నేర్చుకున్నది మూర్ఛనా, పుర్రె అడ్డం ఉందా లేదా అన్నదా? చెప్పడం కష్టం.

ఇదే డేటాను తర్వాత ఎవరో వాడకానికి సులువుగా ఉంటుందని ఒక్కో ముక్కనూ 23 తునకలు చేసి, మొత్తం 11,500 వరుసలు, వరుసకు 178 అంకెలతో ఒక ఫైలుగా కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్విన్ డేటా భాండాగారంలో పెట్టారు. దాని వివరణలో 500 మంది వ్యక్తులని రాశారు. నిజానికి మనుషులు పదిమందే, 500 అన్నది ముక్కల లెక్క. ఈ ఫైలును తెచ్చి, వరుసలన్నీ పేకముక్కల్లా కలిపేసి, 80 శాతం ట్రైనింగుకు, 20 శాతం పరీక్షకు అని విడదీస్తే ఏమవుతుంది? ఒకే మనిషి, ఒకే రికార్డింగు, ఒక సెకను తునక ట్రైనింగులోకి, దాని పక్క సెకను తునక పరీక్షలోకి వెళ్తాయి. పరీక్షకు ముందు రోజు రాత్రే పేపర్ చేతికి వచ్చినట్టు. మన రాష్ట్రాల్లో పేపర్ లీకేజీ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ లీక్ చేసిన దొంగ ఎవరూ లేరు, ఓ లైను కోడ్ తప్ప.

రెండో డేటా ఇంతకన్నా నయం. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి, ఎంఐటీ యూనివర్సిటీ కలిసి ఇచ్చింది. 22 మంది, 900 గంటలకు పైగా రికార్డింగు, 198 ఫిట్స్. ఒక్కోటీ సగటున నిమిషం లోపే అనుకుంటే, ఆ 900 గంటల్లో మూర్ఛ ఉన్నది మూడు గంటలు. అంటే కళ్లు మూసుకుని ఎప్పుడడిగినా 'ఏమీ లేదు' అని చెప్పే మెషీన్‌కు కూడా 99 శాతానికి పైనే మార్కులొస్తాయి. ఒక్క ఫిట్‌నూ పట్టకుండా!

అందుకే ఈ రంగంలో ఆక్యురసీ (నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెప్పిందన్న లెక్క) అనే మాటనే పక్కన పెట్టేయాలంటాను. వార్డులో నర్సుకు కావాల్సిన లెక్కలు వేరు: వచ్చిన ఫిట్స్‌లో ఎన్ని పట్టింది, ఎంత త్వరగా పట్టింది, రోజుకు ఎన్ని ఉత్తుత్తి అలారాలు మోగించింది. చిన్న గుణకారం చేద్దాం. నాలుగు సెకన్లకోసారి నిర్ణయం చెప్పే మెషీన్ రోజుకు 21,600 సార్లు చెబుతుంది. మామూలు క్షణాల్లో నూటికి ఒక్కసారే పొరబడినా రోజుకు 216 ఉత్తుత్తి అలారాలు. రెండో రోజుకే ఎవరో ఒకరు సౌండు తీసేస్తారు. నాన్నా పులి కథే.

బోస్టన్ డేటాను సిద్ధం చేసిన అలీ షోయబ్, జాన్ గుట్టాగ్ 2010లో ఇచ్చిన పేపర్ ఈ విషయంలో నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. డీప్ లెర్నింగ్ కాదు, ఒక్కో రోగికీ విడిగా తర్ఫీదిచ్చిన పాత తరహా పద్ధతి. పరీక్షకు పెట్టిన 173 ఫిట్స్‌లో 96 శాతం పట్టింది. మధ్యస్థ ఆలస్యం 3 సెకన్లు, 24 గంటలకు ఉత్తుత్తి అలారాలు మధ్యస్థంగా 2. నర్సుకు అర్థమయ్యే భాష అది. తర్వాతొచ్చిన ఎన్నో పెద్ద డీప్ లెర్నింగ్ నెట్‌వర్కుల పేపర్లలో ఆ రోజువారీ లెక్కే కనపడదు. అయితే ఆ పద్ధతికీ ఓ హద్దుంది: ఆ మనిషికి ముందే కొన్ని ఫిట్స్ వచ్చి, రికార్డయి ఉండాలి. మొదటిసారి ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి దగ్గర అవి ఎక్కడివి? ఎవరి తలనైనా చదవగలగడమే డీప్ లెర్నింగ్ ఇచ్చిన అసలు మాట. దాన్ని పరీక్షించాలంటే ట్రైనింగులో ఒక్క సెకను కూడా కనిపించని మనిషిని తేవాలి.

పోనీ, సరైన జవాబు ఏదో మనుషులకైనా తెలుసా? హెల్సింకిలో 79 మంది నవజాత శిశువుల రికార్డింగులను ముగ్గురు నిపుణులు విడివిడిగా చదివారు. 39 మందిలో ఫిట్స్ ఉన్నాయని, 22 మందిలో లేవని ముగ్గురూ ఒప్పుకున్నారు. మిగిలిన 18 మంది మీద ఏకాభిప్రాయం లేదు. అలాంటి చోట మెషీన్ 99 తెచ్చుకుందంటే అది ఎవరి అభిప్రాయానికి వంత పాడిందో అడగాలి.

ఇంతా చెప్పి, ఇది దండగ పని అనడం లేదు. ఐసీయూలో స్పృహ లేని రోగికి ఒళ్లు కదలకుండానే ఫిట్స్ నడుస్తుండవచ్చు. ఈఈజీ తప్ప దాన్ని చూపేది లేదు. రాత్రంతా ఆ స్క్రీన్ ముందు కూర్చునే మనిషీ ఉండడు. నెలలు నిండని పిల్లల వార్డులోనూ అంతే. మెషీన్ అక్కడ కావాలి.

మన జిల్లాల్లో అవసరం కొంచెం వేరు. ఇక్కడ జరిగేది అరగంట ఈఈజీ, అదీ ఫిట్స్ లేని వేళ. పట్టడానికి ఫిట్టే ఉండదు. మధ్యమధ్య కనిపించే చిన్న ముళ్లనే చదవాలి, ఆ చదివే నిపుణులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఆ పనికి 2023లో వచ్చిన స్కోర్-ఏఐ లాంటిది పనికొస్తుందని నా అంచనా. 30,493 రికార్డింగుల మీద తర్ఫీదు పొంది, ఈఈజీ మామూలుగా ఉందా లేదా, తేడా ఉంటే ఏ రకమో చెబుతుంది. అదైనా ఇక్కడి రికార్డింగుల మీద పరీక్షించి చూడాల్సిందే. బోస్టన్ డేటాతో నేర్చిన మెషీన్లకైతే మరో చిక్కు: అక్కడ కరెంటు గుంయ్ మనేది సెకనుకు 60 సార్లు, మనకు 50. అక్కడి గోలను వడకట్టడం నేర్చిన మెషీన్ ఇక్కడ తికమకపడొచ్చు. తలంటుకుని, నూనె రాయకుండా రమ్మని టెక్నీషియన్ చెప్పినా నూనె తలతోనే వచ్చేవారుంటారు, ఎలక్ట్రోడ్ సరిగా అంటదు. మన దేశం నుంచి పరిశోధకులు వాడే డేటాలో ఒకటి ఢిల్లీ హౌజ్ ఖాస్‌లోని కేంద్రం నుంచి వచ్చింది. అందులోనూ రోగులు పదిమందే, ముక్క నిడివి 5.12 సెకన్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూర్ఛ ఉన్నవారు దాదాపు 5 కోట్లు. సరిగా గుర్తించి మందులిస్తే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. ఆ గుర్తింపుకు చాలాసార్లు ముందు అక్కరకొచ్చేది ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసిన వీడియో. కానీ ఫిట్స్ రాగానే ఫోన్ కోసం కాదు, చేతిలో పెట్టడానికి తాళాల గుత్తి కోసం వెతుకుతాం. పెళ్లి సంబంధం చెడుతుందని మందుల సంచీ దాచేస్తాం, పెళ్లికి అడ్డంకిగా వివాహ చట్టాల్లో ఉన్న మూర్ఛ అనే పదాన్ని 1999లోనే తీసేసినా సరే.

ప్రాజెక్టు గైడ్లకు మాత్రం ఒక మాట. తునకలను కాదు, మనుషులను విడదీయమనండి. కోడ్‌లో అది ఒకట్రెండు లైన్ల మార్పే. అంకె దబ్బున పడిపోతుంది, పడనివ్వండి. ఆ పడిపోయిన అంకెతో, పక్కన రోజుకు ఎన్ని ఉత్తుత్తి అలారాలో రాసుకుని వైవాకు వచ్చిన పిల్లవాడికి, 99 తెచ్చినవాడి కన్నా రెండు మార్కులు ఎక్కువే వేయండి.