పెట్టె మీద బొమ్మ, చేతిలో విడి సిగరెట్టు

మా అబ్బాయి బడి గేటు నుంచి పాన్ డబ్బా దాకా నిన్న అడుగులు లెక్కపెట్టాను. అరవై రెండు. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. డబ్బాకేమో 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మబోమని బోర్డు కూడా ఉంది! దాని మేకుకే లైటర్ తాడుతో వేలాడుతోంది.

పెట్టె మీద 85 శాతం హెచ్చరికే ఉండాలట. బాగానే ఉంది, కానీ ఇక్కడ పెట్టె కొనేదెవరు? కుర్రాళ్లు ఒకటీ రెండూ విడిగా కొంటారు. ఆ భయంకరమైన బొమ్మను రోజంతా చూసేది డబ్బావాడొక్కడే, పాపం.

2019లో ఈ-సిగరెట్లను దేశమంతా నిషేధించారు. అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తప్పని నేననను, పండ్ల వాసనతో పిల్లలకు నికోటిన్ అలవాటు చేసే సరుకది. మరి మామూలు సిగరెట్టు పొగ నా మొహాన వదిలే పెద్దమనిషికి? మహా అయితే 200 రూపాయలు. అదీ ఎవరైనా పట్టుకుంటే! పొగాకు కోసం గుంటూరులో కేంద్రం ఏకంగా ఒక బోర్డే నడుపుతోంది, ఇక పట్టుకునేదెవరు?

మొన్న బస్టాపులో ఒకడితో "బాబూ, కాస్త అవతలికెళ్లి కాల్చు" అన్నాను.

"ఓపెన్ ప్లేసే కదా అంకుల్" అన్నాడు.

బస్టాపు ఓపెన్ ప్లేస్ లెక్కలోకి రాదని 2008 నిబంధనల్లోనే ఉంది. అది చెప్పేలోగా బస్సొచ్చింది. పీక నా చెప్పుల దగ్గర పడేసి, నాకంటే ముందే ఎక్కి కిటికీ సీటు పట్టాడు.