అంగడోడి కొడుకుని నేను, ఆ ఫార్వర్డ్ ఇంక పంపబాకండి

మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతా ఉండాది. ఈ నెలలో నాకే నాలుగు సార్లు వచ్చింది, అందులో ఒకటి మా పెద్దమ్మ కొడుకు దుబాయ్ నుంచి పంపినాడు, ఆయనకి ఆడ వీధి చివర అంగడి యాడ దొరికిందో మరి. సంగతేందంటే, సూపర్ మార్కెట్‌కి పోయేవాళ్ళంతా ఏసీకి పడిపోయిన అమాయకులంట, ఆడ ఆఫర్లన్నీ దొంగ ఆఫర్లంట, బిల్లులో జీఎస్టీ వేరేగా గుంజుతారంట, మన అంగట్లో టాక్సే లేదు కాబట్టి చవకంట, సరుకు తాజాగా ఉంటాదంట, అప్పు ఇస్తారంట, మనమిచ్చే రూపాయి మన ఊర్లోనే ఉంటాదంట. చివర్లో మామూలే, నిజమైన తిరుపతి వాడివైతే పదిమందికి పంపు అని.

నేను పంపలేదు. తిరుపతి కొర్లగుంటలో మా నాయన ఇరవై ఆరేళ్ళుగా చిల్లర అంగడి పెట్టుకోనుండాడు. ఆ గల్లాపెట్టె పక్కనే కూర్చోని హోంవర్క్ చేసుకున్నోణ్ణి, పొట్లం కట్టడం నాకు ఎక్కాల కంటే ముందొచ్చింది. మా అంగడిని పొగిడే మెసేజ్‌ని నేనే తప్పంటా ఉంటే గ్రూపులో ఒకాయన "నువ్వు మీ నాయనకే ద్రోహం చేస్తావా అబ్బయ్యా" అన్నాడు. ద్రోహం కాదు సామీ, ఆ మెసేజ్ చదివి మా నాయనే నవ్వినాడు, అందుకే రాస్తా ఉండా.

ముందు ఆ జీఎస్టీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే. ప్యాకెట్ మీద ఉండే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిపే ఉంటాయి, దానిమీద పైసా ఎక్కువ తీసుకుంటే నేరం, అది సూపర్ మార్కెట్ అయినా బడ్డీ కొట్టయినా ఒకటే. సూపర్ మార్కెట్ బిల్లు కింద జీఎస్టీ అని వేరేగా కనిపించేది మీరు కట్టిన దాంట్లో పన్ను ఎంతో విడగొట్టి చూపించడమే, పైన కలిపింది కాదు, నమ్మకపోతే వస్తువుల రేట్లు వరసగా కూడి చూడండి, మొత్తం సరిపోతుంది. మరి అంగట్లో బిల్లులో పన్ను కనపడదు కదా అంటారు. మాలాంటి చిన్నోళ్ళు చాలామంది కాంపోజిషన్ స్కీములో ఉంటారు, ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలుండే వాళ్ళకి అది, పన్ను పడే సరుకుల అమ్మకం మీద ఒక శాతం మేమే కట్టుకోవాలి, మీ దగ్గర పన్ను అని వసూలు చేయకూడదు. కానీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర సబ్బు కొనేటప్పుడు మా నాయన జీఎస్టీతో కలిపే కొంటాడు, అది సబ్బు రేటులో ఎక్కి మీ దాకా వచ్చేస్తుంది. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది గుర్తుందా, ఆ వారమంతా మా అంగడి ముందర ఒకటే గొడవ, "టీవీలో తగ్గిందన్నారు, నువ్వింకా పాత రేటే చెప్తావేందన్నా" అని. అంగట్లో పన్నే లేకపోతే ఆ గొడవ ఎందుకొచ్చినట్టు?

ఇందులో ఒక్క ముక్క మాత్రం నిజముంది. లూజుగా తూకం వేసిచ్చే బియ్యం, కందిబేడలు, ఉద్దిబేడల మీద జీఎస్టీ లేదు, ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటించిన 25 కిలోల లోపు వాటి మీద 2022 జులై 18 నుంచి 5 శాతం ఉంది. బియ్యం బస్తాలు ఉన్నట్టుండి 26 కిలోలు ఎందుకయ్యాయో ఇప్పుడర్థమైందా, 25 దాటితే పన్ను లేదు కాబట్టి. అయితే సూపర్ మార్కెట్‌లో కూడా డబ్బాల్లో పోసి లూజుగా అమ్మేవి ఉంటాయి, దానికీ పన్ను లేదు. అంటే తేడా లూజుకీ ప్యాకెట్‌కీ మధ్యన, అంగడికీ సూపర్ మార్కెట్‌కీ మధ్యన కాదు.

ఆఫర్లన్నీ దొంగవి అనేవాళ్ళు చెప్పే మాట, "ఎమ్మార్పీ పెంచి మళ్ళీ తగ్గించినట్టు చూపిస్తారు" అని. కంపెనీ వస్తువు మీద ఎమ్మార్పీ వేసేది కంపెనీ, అమ్మేవాడు దానిమీద స్టిక్కర్ అంటించి పెంచేదానికి లేదు. అదే టూత్‌పేస్ట్, అదే గ్రాములు, అదే ఎమ్మార్పీ మా అంగట్లోనూ ఉంటాది, వాళ్ళు పది రూపాయలు తగ్గించి ఇస్తే అది నిజంగా తగ్గించినట్టే. ఎట్ల ఇస్తారంటే మా నాయనకి సబ్బుల మీద, బిస్కెట్ల మీద నూటికి ఎనిమిదో పదో మిగులుతుంది, అందులోనే కరెంటు, బాడుగ, ఎలకలు కొరికింది అన్నీ పోవాలి. పెద్ద చెయిన్‌లు కంపెనీ దగ్గరే లారీల లెక్కన తెస్తాయి. డీమార్ట్ లాంటోళ్ళయితే చాలా వరకు సొంత బిల్డింగుల్లోనే పెడతారు కాబట్టి బాడుగ బాధ తక్కువ, పైగా సరుకిచ్చినోడికి డబ్బు తొందరగా కట్టేస్తారు, అందుకు వాడు ఇంకొంచెం తగ్గిస్తాడు. ఇందులో మాయ ఏముంది, మా నాయన కూడా రొక్కం పెడితే డిస్ట్రిబ్యూటర్ రెండు రూపాయలు తగ్గిస్తాడు.

మోసం ఉంటే గింటే సూపర్ మార్కెట్ వాళ్ళ సొంత బ్రాండ్ ప్యాకెట్లలో చూసుకోండి, ఆడ ఎమ్మార్పీ వేసుకునేది వాళ్ళే కాబట్టి ఎంతైనా వేసి ఎంతైనా కొట్టేయొచ్చు. ఇంకొకటి, పెద్ద ప్యాక్ అయితే చవక అనే గుడ్డి నమ్మకం. షాంపూ సీసా ఒకటి, ఒక రూపాయి సాషేలు కొన్ని ముందర పెట్టుకోని మిల్లీలీటర్ లెక్కన కట్టి చూడండి, చాలా బ్రాండ్లలో సాషేనే చవకొస్తుంది. ప్యాకెట్ల మీద గ్రాముకి ఇంత, మిల్లీలీటర్‌కి ఇంత అని చిన్న అక్షరాలతో వేస్తా ఉండారు, ఆఫర్ బోర్డు వదిలేసి అది చదవండి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ రేటు మారకుండానే లోపల ఎట్ల చిక్కిపోయిందో కూడా ఆ చిన్న అక్షరాలే చెప్తాయి, దానికి అంగడోడిదీ తప్పు కాదు, సూపర్ మార్కెట్ వాడిదీ కాదు.

తాజా సంగతి క్షణంలో అయిపోతుంది. ఏది ఎక్కువ పోతుందో అది తాజాగా ఉంటాది. మా అంగట్లో పాలు, బ్రెడ్డు, ఎర్రగడ్డలు, గుడ్లు ఏ రోజువి ఆ రోజే. అదే ఎవరో ఒకరు అడిగినారని తెచ్చిపెట్టిన ఓట్స్ ప్యాకెట్ ఆర్నెల్లు షెల్ఫులో కూర్చోని డేట్ అయిపోయి, డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోకపోతే మేమే పారేసుకుంటాం. కూరగాయలకైతే ఇద్దర్నీ వదిలేసి పొద్దున్నే రైతు బజారుకి పోండి, 1999లో పెట్టినప్పటినుంచి ఇప్పటికీ దానికి సాటి ఏదీ లేదు. లూజు నూనె అమ్మకం రూల్ ప్రకారం కూడదు, అది మాత్రం ఏ అంగట్లో కనిపించినా కొనబాకండి, మాది కూడా కలిపే చెప్తా ఉండా, పాత రోజుల్లో మేమూ అమ్మినాం.

ఇంక అప్పు. ఫార్వర్డ్ రాసినోడు ఎప్పుడూ గల్లా వెనక కూర్చున్న మనిషి కాదని ఈ పాయింట్ దగ్గరే తెలిసిపోతుంది. అప్పు ఇస్తాం, నిజమే, మా నాయన దగ్గర ఎర్ర అట్ట ఖాతా పుస్తకాలు ట్రంకు పెట్టె నిండా ఉండాయి. కానీ అప్పు ఊరికే రాదు. ఖాతా మీద తీసుకునేవాళ్ళు ఎవరూ బేరం ఆడరు, ఎమ్మార్పీకే తీసుకుంటారు, ఇంకొక చోటికి పోవాలంటే మొగమాటం, పాత బాకీ ఉంది కదా. అంటే వడ్డీ అని పేరు పెట్టకుండానే వడ్డీ పడుతుంది. ఎగ్గొట్టినోడి బాకీ కూడా ఎక్కడో ఒక దగ్గర రొక్కమిచ్చే వాడి రేటులో కలుస్తుంది. ఇది తప్పని కాదు, వ్యాపారం అంతే, దాన్ని దానధర్మం లాగా రాయబాకండి అంటా ఉండా.

దానధర్మం లాగా జరిగింది కూడా ఒకసారి చూసినా, 2020లో. మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేసినారు, కొద్ది రోజులకే లాక్‌డౌన్. ఈ ఊరు ఎట్ల బతుకుతుందో ఇక్కడోళ్ళకి చెప్పాల్సిన పని లేదు, మా వీధిలో జీపు డ్రైవర్లు, లాడ్జిల్లో పనిచేసే పిల్లోళ్ళు, హోటల్ సర్వర్లు, కింద పూలూ బొమ్మలూ అమ్ముకునేవాళ్ళే ఎక్కువ, యాత్రికుడు రాకపోతే వీళ్ళ పొయ్యి వెలగదు. మామూలు జనానికి మళ్ళీ దర్శనం తెరిచింది జూన్ 11న, అప్పుడు కూడా లెక్కపెట్టి కొందరినే. ఆ మూడు నెలలూ మా నాయన అడిగినోళ్ళకంతా సరుకులిచ్చినాడు, డిస్ట్రిబ్యూటర్ మాత్రం రొక్కమే అన్నాడు, అమ్మ గాజులు రెండు బ్యాంకులో పెట్టినాం. తర్వాత చాలామంది కొంచెం కొంచెంగా తీర్చేసినారు, కొందరు ఇల్లు ఖాళీ చేసి సొంతూళ్ళకి పోయినారు, ఆ పేజీలు అట్లనే ఉండాయి. ఇందులో కడుపు మండేది ఏందంటే, బాగా జీతాలొచ్చే ఇళ్ళు రెండు మూడు ఆ మూడు నెలలు మా దగ్గరే ఖాతా పెట్టి, సూపర్ మార్కెట్లు బాగా తెరుచుకున్నాక రొక్కం తీసుకోని ఆడికి పోయినాయి, బాకీ మాత్రం పండక్కి పండక్కి వాయిదా. కాబట్టి "అంగడోడు అప్పిస్తాడు, వాణ్ణి కాపాడుకోండి" అని ఫార్వర్డ్ చేసే పెద్దమనుషులు ముందు మీ పేజీ ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు.

ఏసీ సంగతికొస్తా. ఏసీకీ ట్రాలీకీ పడిపోయి అక్కర్లేనివి కొంటారు అనేది కొంత నిజమే, నేను కూడా పప్పు కోసం పోయి అక్కర్లేని జాడీ తెచ్చుకున్నోణ్ణే. కానీ ఆడోళ్ళు సూపర్ మార్కెట్‌కి ఎందుకు పోతారని మా అక్కని అడిగితే ఏసీ మాటే ఎత్తలేదు. "అంగట్లో నలుగురు మగోళ్ళు నిలబడి ఉంటే ప్యాడ్లు అడగాలంటే ఎట్లుంటాదో నీకేం తెలుసురా, మన నాయన దాన్ని పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి దొంగ సరుకులాగా ఇస్తాడు" అనింది. సూపర్ మార్కెట్‌లో తానే తీసి, తిప్పి చూసి, రేటు చదివి, వద్దనుకుంటే పెట్టేస్తుంది, "ఏమ్మా, ఈసారి ఎక్కువ తీసుకుంటా ఉండావే, చుట్టాలొచ్చినారా" అని అడిగేవాళ్ళుండరు. రేటు అడిగి కొనకుండా రావాలంటే అంగట్లో ఎంత ఇబ్బందో కూడా చెప్పింది. ఇరవై ఆరేళ్ళు గల్లా అవతలి పక్క నుంచి చూసినోళ్ళం, మాకు ఇది తోచనే లేదు. ఇప్పుడు మా నాయన ఒక వరస షెల్ఫ్ బయటికి జరిపి పెట్టినాడు, ఎవరికి కావాల్సింది వాళ్ళే తీసుకునేట్టు, నల్ల కవర్ కూడా మానేసినాడు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. బేల్దారి పనికి పోయొచ్చి సాయంత్రం కూలి చేతికొచ్చినాక ఆ పూటకి పావు కిలో బియ్యం, పది రూపాయల చింతపండు, రెండు ఉర్లగడ్డలు తీసుకునే మనిషికి సూపర్ మార్కెట్ పనికిరాదు, పది రూపాయల చింతపండు చేత పట్టుకోని బిల్లింగ్ లైన్లో నిలబడతాడా? పెరటాసి నెలలో, స్వామికి పూజ చేసుకునే శనివారం తెల్లారుజామున కర్పూరం అయిపోతే మా ఇంటి తలుపే తడతారు, ఆ టైముకి ఇంకెవరు తెరుస్తారు. కాబట్టి ఎవరు ఎక్కడికి పోతారనేది చేతిలో రొక్కం ఎంత ఒక్కసారిగా ఉంది, బండి ఉందా లేదా, ఇంట్లో డబ్బాలు పెట్టుకునే చోటుందా, ఇట్లాంటి వాటి మీద తేలుతుంది, దేశభక్తి మీద కాదు. మా ఇంటి వెనక టీచరమ్మ నెల మొదట్లో ఆటో మాట్లాడుకోని పోయి నూనె, సబ్బులు, పిండి ఒకేసారి తెచ్చేస్తుంది, పాలు, గుడ్లు, కొత్తిమీర, పిల్లోడి స్కెచ్ పెన్నులు మా దగ్గర. ఆమె ఎవర్నీ మోసం చేయలేదు, ఎవరి చేతా మోసపోలేదు, లెక్క తెలిసిన మనిషి.

రూపాయి ఊర్లో ఉంటాదనే మాట ఒకటి మిగిలింది. మా అంగట్లో సబ్బు కొన్నా, సూపర్ మార్కెట్‌లో కొన్నా ఎక్కువ భాగం పోయేది ఆ సబ్బు కంపెనీకే, ఊర్లో మిగిలేది మా ఎనిమిదో పదో. ఆడ బిల్లింగ్‌లో కూర్చునే పిల్లలు కూడా చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో వచ్చేవాళ్ళే, వాళ్ళ జీతం కూడా ఇక్కడే ఖర్చవుతుంది. ఊరి రూపాయి ఊర్లో ఉండాలని నిజంగా ఉంటే గానుగలో ఆడించిన శెనక్కాయ నూనె, చిత్తూరు బెల్లం, పక్క వీధి అవ్వ చేసిచ్చే మురుకులు అడగండి, అవి మా అంగట్లో ఉంటాయి. అవి అడిగేవాళ్ళు తక్కువ, ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఎక్కువ.

ఇదంతా టైప్ చేస్తా ఉంటే నాయన ఫోన్. "రేయ్, బైపాస్ రోడ్డు సూపర్ మార్కెట్‌లో బట్టల పౌడర్ ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటరా, డిస్ట్రిబ్యూటర్ మనకిచ్చే రేటు కంటే తక్కువొస్తా ఉండాది. బిల్లుకి రెండే ఇస్తారంట, కోడల్ని కూడా తీసుకోని పో, వేరే వేరే బిల్లు వేయించండి, అంగట్లో పెట్టుకుందాం" అన్నాడు. బండి తాళాలు వెతుక్కుంటా ఉండా.