నాలుగు మేకులు, గుప్పెడు సిమెంటు

ఇంగ్లండులోని ఈ యార్క్‌షైర్‌లో కార్తీక వనభోజనాలంటే నాలుగు గోడల మధ్యే. నవంబరులో బయట కూర్చుంటే వడ్డించేలోపు సాంబారు చల్లారిపోతుంది. అందుకే ఈసారి మన తెలుగు సంఘం తరఫున డేల్స్ అనే ఇక్కడి కొండలోయల్లో ఒక పాత రాతి ఫార్మ్‌హౌస్ అద్దెకి తీసుకున్నాం. భోజనాలు అదిరాయి. తర్వాత వచ్చిన మెయిలే మింగుడు పడలేదు: ఉగాదికి ఇల్లు ఇవ్వరట.

తోరణాలకీ బ్యానరుకీ గోడలో నాలుగు మేకులు కొట్టాం. "మూడొందల ఏళ్ళ గోడకి నాలుగు మేకులు ఒక లెక్కా?" అని వాట్సాప్ గ్రూపు మండిపడింది. మనం ఇండియన్లం కాబట్టే ఇలా అన్నారని కూడా. ఆ మాటని పూర్తిగా కొట్టిపారెయ్యను, ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. కానీ ఇంటావిడ మెయిల్లో మేకుల గురించి ఒక్క వాక్యమే ఉంది. మిగతాదంతా చిల్లుల్లో పెట్టిన సిమెంటు గురించి.

ఆ సిమెంటు పెట్టింది నేనే. మర్యాదగా ఉంటుందని కార్లో ఉన్న రెడీమిక్స్ కలిపి పూశాను.

ఆ గోడలో రెండు వరసల రాయి, మధ్యలో రాతిముక్కలు, రెండు వరసల్నీ కలిపి పట్టే పొడవాటి అడ్డరాళ్ళు ఉంటాయి. అతుకుల్లో సున్నం. లోపలికి దిగిన వాన తడి ఆ సున్నం గుండానే ఆరుతుంది. సిమెంటుతో దారి మూస్తే తడి రాతిలోనే ఉండిపోయి, చలికి గడ్డకట్టి, రాయి పైపొర రాలిపోతుంది. 1877లో ఇంగ్లిష్ కవి, డిజైనర్ విలియం మోరిస్ వాళ్ళు పాత కట్టడాల కోసం పెట్టిన సంఘం ఇప్పటికీ సున్నం పని నేర్పుతోంది.

నాకిది తెలియనిదా? జమ్మలమడుగు దగ్గర మా జేజినాయన మిద్దె నాపరాళ్ళది. గానుగ సున్నం, అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం. గోడకి మేకు కొట్టాలంటే జేజిని అడగాల్సిందే. వేసవిలో లోపల చల్లగా ఉండేది. (వానాకాలం కారేది కూడా, గిన్నెలు పెట్టుకుని పడుకునేవాళ్ళం.) దాన్ని పడగొట్టి స్లాబు వేయడానికి డబ్బు పంపింది నేనే. ఇప్పుడు మే నెలలో ఆ ఇంట్లో ఏసీ లేకుండా గంట కూర్చోలేం.

ఈ ఫార్మ్‌హౌస్ గుమ్మం పైరాతి మీద, కట్టించిన భార్యాభర్తల పేర్ల పొడి అక్షరాలూ, సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. మన గ్రూప్ ఫోటోలో అవి కనపడవు, బ్యానరు కప్పేసింది.

కమిటీ వారికి మనవి: ఇంటావిడకి పంపాలని మీరు ఘాటుగా రాసిన జవాబు పంపకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపిద్దాం, సగం ఖర్చు నాది. మంచు కురిసే రోజుల్లో సున్నం పెట్టరు కాబట్టి వసంతం దాకా టైముంది. ఉగాదికి స్కూలు హాలు చూసుకోండి. మేస్త్రీతో పాటు ప్రెసిడెంటు గారూ నేనూ కలిసి వెళదాం. బ్యానరు మాత్రం వద్దు.