హెల్మెట్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిన్న మా మేనత్త తన భజన మండలి గ్రూపు నుంచి మళ్లీ పంపింది. హెల్మెట్ గురించి ఎవరూ చెప్పని నిజాలట. హెల్మెట్ రూలు చలాన్ల కోసమే పెట్టారు. ఊళ్లో ముప్పై స్పీడులో పోయేవాళ్లకి అది అక్కర్లేదు. పెట్టుకుంటే మెడ విరుగుతుంది. తలకి దెబ్బ తగిలినా మనిషి మాట్లాడుతుంటే కంగారు పడొద్దు. చివర్లో, పోయే రోజొస్తే హెల్మెట్ ఆపుతుందా అని ఒక వేదాంతం.

చలాన్ల సంగతి ముందు. చెట్టు చాటున నిలబడి ఫోటో కొట్టే పద్ధతి నాకూ నచ్చదు. వెయ్యి రూపాయల జరిమానా చిన్నదీ కాదు. కానీ హెల్మెట్ తప్పనిసరి అన్న మాట మొదలైంది ఖజానాలో కాదు, ఆస్పత్రిలో. 1935లో ఇంగ్లండ్‌లో టి.ఇ. లారెన్స్ అనే పేరున్న మాజీ సైనికుడు బైకు మీద నుంచి పడి, ఆరు రోజులకి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకడు. తర్వాత యుద్ధం రోజుల్లో బైకు ప్రమాదాల్లో తలకి దెబ్బలు తగిలినవాళ్ల కేసులు వరసగా చూసి, 1941లో హెల్మెట్ ఎంత అవసరమో రాశాడు. బ్రిటిష్ సైన్యం బైకుల మీద కబుర్లు మోసే సైనికులకి దాన్ని తప్పనిసరి చేసింది. అప్పటికి చలాను మెషీన్లు లేవు మరి.

మన దేశానికొస్తే, కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029. వాళ్లలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారంతే.

ముప్పై స్పీడంటారా, బండి వేగాన్ని పక్కన పెట్టండి. ఆగి ఉన్న బండి మీద నుంచే పడ్డారనుకోండి. అయిదడుగుల ఎత్తు నుంచి పడితే, తల నేలకి తగిలేసరికి దాని వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు ఉంటుంది. కింద ఉన్నది సిమెంటు రోడ్డు. హెల్మెట్ లోపలి థర్మకోల్ పని ఒక్కటే, పుర్రెకి బదులు తను నలగడం. కూరగాయలకి వెళ్లే రోడ్డు హైవే కన్నా మెత్తగా ఉండదు కదా.

మెడ విషయం త్వరగా తేల్చేద్దాం. 2011లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో నలభై వేలకి పైగా బైకు ప్రమాదాల కేసులు చూస్తే, హెల్మెట్ ఉన్నవాళ్లలో మెడ ఎముకల గాయాలు 22 శాతం తక్కువగానే ఉన్నాయి. పట్టీ పెట్టుకోకపోతే మాత్రం మెడా దక్కదు, తలా దక్కదు. ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది. పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని తిరిగేవాళ్ల గురించి నేనేమీ అనను.

నాకు నిజంగా భయం వేసింది నాలుగో ముక్క చూసి. "మాట్లాడుతున్నాడుగా, ఏం కాదులే" అనే మాట మనిషిని చంపగలదు. కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది, దాని కిందే ఒక రక్తనాళం పోతుంది. దెబ్బకి అది చిట్లితే ఎముకకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరుతుంది. చాలినంత పేరుకునేదాకా మనిషి మామూలుగానే ఉండొచ్చు. లేస్తాడు, టీ తాగుతాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడింది. లేచి మాట్లాడింది, అంబులెన్సు వద్దంది. కాసేపటికి తలనొప్పి మొదలైంది. రెండు రోజులకి చనిపోయింది.

ఇది బండ్లవాళ్ల గొడవే కాదు. బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే పెద్ద ఆస్పత్రి నిమ్‌హాన్స్ అంచనాల్లో తల గాయాల్లో 60 శాతం రోడ్డు ప్రమాదాలవైతే, 20 నుంచి 25 శాతం జారిపడటం వల్ల వచ్చినవి. పెద్దవాళ్లలో మెదడు కొంచెం కుంచించుకుపోయి ఉంటుంది, పైన ఉండే సన్నని రక్తనాళాలు లాగినట్టు ఉంటాయి, చిన్న దెబ్బకే చిట్లి రక్తం మెల్లగా చేరొచ్చు. బాత్‌రూమ్‌లో జారిపడ్డ తాతగారికి ఆ రోజు ఏమీ ఉండదు. మూడు వారాల తర్వాత అడుగులు తడబడతాయి, మాట తేడాగా వస్తుంది. వయసు మీద పడిందని సర్దుకుంటారు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లయితే ముప్పు ఇంకా ఎక్కువ. పడ్డ తర్వాత మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో నీరులాంటిది కారినా సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలి. పక్క వీధి క్లినిక్కుకి కాదు.

ఇక వేదాంతం. పోవడం, బతకడం రెండే ఉన్నట్టు రాశారు. 2022లోనే ప్రమాదాల్లో గాయపడి బతికినవాళ్లు 4,43,366 మంది. వాళ్లలో తలకి తగిలినవాళ్ల కథ ఆస్పత్రి నుంచి వచ్చాకే మొదలవుతుంది. రోడ్డు ప్రమాదాల బాధితులకి నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025లో వచ్చింది, మంచిదే. లక్షన్నర దాకా, ఏడు రోజులు. ఫిజియోథెరపీ, మాట నేర్పించడం, కోపాన్ని అదుపు చేసే మందులు, ఇవన్నీ ఎనిమిదో రోజు నుంచి.

మా బాబాయి కరెంటు పని చేసేవాడు. వాన రోజు బండి జారింది, హెల్మెట్ ఇంట్లో ఉంది. బతికాడు, నడుస్తాడు, భోజనం తనే చేస్తాడు. చూసినవాళ్లకి మామూలు మనిషే. కానీ ఏ తీగ ఎక్కడ కలపాలో గుర్తుండదు, గ్లాసు జారినా కేకలేస్తాడు, పిల్లలు దగ్గరికి పోరు. పిన్ని టైలరింగ్ నేర్చుకుని ఇల్లు నడుపుతోంది. ఆయన్ని ఒంటరిగా వదల్లేక సొంత చెల్లెలి పెళ్లికి కూడా పోలేదు. ఆ మెసేజ్ పంపిన మా మేనత్తకి ఆయన స్వయానా తమ్ముడు.