ఉడుత కూర, ఉచితాల నీతి

ఆదివారం నుంచి ఈ ఫార్వర్డ్ రావడం ఇది నాలుగోసారి. బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఇవాళ పొద్దున్నే మా పెదనాన్న కూడా పంపాడు. అమెరికాలో అపలాచియా కొండల జనమంతా తెల్లవాళ్ళట, సోమరులట. ఊరు కదలరట, ఉడుతల్ని తింటారట, సర్కారు సొమ్ముతో మత్తుబిళ్ళలు కొనుక్కుని మింగుతారట. కింద దండం బొమ్మతో నీతి: ‘ఉచితాలిస్తే రేపు మన గతీ ఇంతే’.

ఉడుతల్ని తింటారు. మనవాళ్ళు ఉసిళ్ళు వేయించుకు తినరా? వదిలేద్దాం.

అంతా తెల్లవాళ్ళే అన్నది తప్పు. ఆ కొండల్లోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు బొగ్గు గనుల్లోకి అమెరికా దక్షిణాది నుంచి నల్లవాళ్ళు వేలల్లో వచ్చారు. 1907లో మొనొంగా గని పేలి 362 మంది పోతే, వాళ్ళలో చాలామంది ఇటలీ నుంచి వచ్చిన కూలీలు.

ఊరు కదలరా? ఆ రాష్ట్రంలోనే మెక్‌డోవెల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) 1950లో దాదాపు లక్షమంది ఉండేవారు. 2020 లెక్కల్లో 19 వేలు. మిగతావాళ్ళు చెట్లెక్కి కూర్చున్నారా?

సోమరులట! జీతం డబ్బుల్లో కాకుండా కంపెనీ టోకెన్లలో ఇచ్చి, ఆ టోకెన్లు కంపెనీ కొట్లోనే చెల్లేలా చేసిన రోజుల్లోనూ నేల కింద బొగ్గు తవ్వినవాళ్ళు. యూనియన్ హక్కు కోసం 1921లో దాదాపు పదివేలమంది తుపాకులు పట్టుకుని బ్లెయిర్ మౌంటెన్ అనే కొండ మీదికి నడిచారు. సోమరులకి అంత ఓపికెక్కడిది? ఆ తర్వాత యంత్రాలొచ్చాయి. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో లక్షకు పైగా ఉన్న గని కార్మికులు ఇప్పుడు ఇరవై వేలమంది కూడా లేరు.

నాకు ఒళ్ళు మండేది మాత్రం బిళ్ళల దగ్గరే. అదే రాష్ట్రంలో కెర్మిట్ అనే ఊరుంది. అప్పట్లో జనాభా దాదాపు 400. అక్కడి ఒక్క మందుల షాపుకి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ (మత్తుకి అలవాటు చేసే నొప్పి మందు) బిళ్ళలు చేరాయి. ఉయ్యాల్లో పిల్లల్ని కూడా లెక్కేసుకుంటే తలకి ఇరవై రెండువేలు. ఇన్ని బిళ్ళల్ని లారీల్లోకి ఎక్కించిన మందుల టోకు కంపెనీలవాళ్ళకి అనుమానం రాలేదు పాపం! బిల్లులు మాత్రం సరిగ్గానే లెక్కేసుకున్నారు. మూడడుగుల ఎత్తు సొరంగంలో మోకాళ్ళ మీద పాకేవాడికి నడుం పోతుంది. డాక్టరు బిళ్ళ రాస్తాడు, అది మింగి మర్నాడు షిఫ్టుకి పోతాడు. అలవాటు మొదలైంది అక్కడ, ఉచిత పథకంలో కాదు.

సర్కారు సొమ్ము మాటకొస్తే, ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ చాలా ఇళ్ళు నడిచేది వైకల్య పింఛన్ల మీదే, వాటిలో దొంగవీ ఉన్నాయి. పక్క రాష్ట్రం కెంటకీలో ఒక లాయరు జడ్జికి లంచాలిచ్చి వేలమందికి అవి ఇప్పించాడు, 2017లో నేరం ఒప్పుకున్నాడు. ఫార్వర్డ్ రాసినాయన ఈ సంగతి వెతికి పెట్టుంటే నేను కాస్త తడబడేవాణ్ణి. వెతకలేదు, ఉడుత దగ్గరే ఆగిపోయాడు.

అక్కడి ఆసుపత్రుల్లో మన డాక్టర్లు కూడా చాలామంది పనిచేస్తున్నారు. మా బావ ఒకడు. పలచబడ్డ బొగ్గు పొర కోసం రాయిని కూడా కోస్తుంటే ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని గడ్డ కట్టించేస్తుందట. నలభై దాటని మనిషి బావ గది దాకా నడవడానికి రెండుసార్లు గోడ పట్టుకుని ఆగుతాడట.

పెదనాన్నా, ఆ దండం బొమ్మ తీసేసి మళ్ళీ పంపు.